లారా రెండో ఉత్తరం: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

కొత్త ఫైలు తెరిచి "కార్మిల్లా తెలుగు 1" అని పేరు పెట్టాను. పక్కన ఆ ఒకటి కావాలనే వేశాను. రెండూ మూడూ తప్పవని తెలుసు.

దారి తప్పినప్పుడు చూసుకోడానికి ముందు కథ రాసుకుంటున్నాను. డబ్లిన్ రచయిత జోసెఫ్ షెరిడన్ లెఫాన్యూ "కార్మిల్లా"ని 1871 చివర్లో ఒక పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టి 1872లో ముగించాడు. డ్రాక్యులా పుట్టడానికి ఇంకా పాతికేళ్లుంది అప్పటికి. కథంతా ఆస్ట్రియాలోని స్టిరియాలో, అడవి మధ్య ఒంటరి కోటలో నడుస్తుంది. ఆ కోటలో పందొమ్మిదేళ్ల లారా, ఆస్ట్రియా కొలువులో చేసి పెన్షన్ పుచ్చుకున్న ఇంగ్లిష్ తండ్రి, లారాని చూసుకునే ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు. వెన్నెల రాత్రి ఒక గుర్రబ్బండి ఆ కోట ముందే తిరగబడుతుంది. అందులో వచ్చిన పెద్దావిడ, స్పృహ తప్పిన కూతుర్ని మూడు నెలలు చూసుకోమని వదిలేసి అర్జంటుగా వెళ్లిపోతుంది. ఆ కూతురే కార్మిల్లా. లారాని ప్రేమిస్తుంది, రాత్రిళ్లు లారా రక్తం తాగుతుంది. చివర్లో పెద్దమనుషులంతా కలిసి ఆమె సమాధి తవ్వి, గుండెలో మేకు దించి, తల నరికి, కాల్చి, బూడిద నదిలో పోస్తారు.

ఇందులో ప్రేమ నేను కొత్తగా తెచ్చి పెట్టేదేం కాదు. ఆ పుస్తకంలోనే కార్మిల్లా లారా చేయి పట్టుకుని, మొహం ఎర్రబడి, ఊపిరి బరువెక్కి మాట్లాడే పేజీలున్నాయి. లారాకి ఒకేసారి ఇష్టమూ వెగటూ కలుగుతాయి. ఎవరో కుర్రాడు ఆడవేషం వేసుకుని ఇంట్లో జొరబడ్డాడేమో అని కూడా అనుకుంటుంది పాపం. అంతకన్నా దగ్గరి మాట ఆమెకి దొరకలేదు. నా పని ఈ ప్రేమని జబ్బు పద్దులోంచి తీసి ప్రేమ పద్దులో రాయడం.

నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే, ఊరు మార్చకూడదు. స్టిరియాని అరకు చేయను, కోటని గడీ చేయను, లారాకి లత అని పేరు పెట్టను. వాళ్లు అక్కడే ఉంటారు. మాట్లాడేది మాత్రం తెలుగు.

"ఎన్ని పేజీలు?" అని అడిగింది తను, పక్క టేబుల్ దగ్గర ఆఫీసు లెక్కలు చూసుకుంటూ. తెలీదన్నాను. "ఎన్నాళ్లు?" అదీ తెలీదన్నాను. "మంచి ప్రాజెక్టే," అంది.

నాలుగో రోజు. 2,900 పదాలు

నిమ్మచెట్టు పరువు తీసింది.

బండి తిరగబడే చోట దారికి ఒక పక్క రాతి శిలువ, ఇంకో పక్క పెద్ద చెట్టు ఉంటాయి. శిలువని చూసి గుర్రాలు పక్కకి లాగుతాయి, చక్రం చెట్టు వేళ్ల మీదికి ఎక్కుతుంది, బండి పడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ చెట్టు పేరు "లైమ్". నేను హాయిగా "పురాతనమైన నిమ్మచెట్టు" అని రాసేసి, వెన్నెల్లో నిమ్మపూల వాసన మీద నాలుగు వాక్యాలు కూడా అల్లాను. బాగా వచ్చాయని మురిసిపోయి తనకి చదివి వినిపించాను.

తను పెరిగింది గూడూరు పక్క నిమ్మతోటల్లో. సగంలోనే ఆపింది. "నిమ్మచెట్టు వేళ్లకి బండి తిరగబడిందా? చక్రం కింద పడితే చెట్టే పోతుంది. పైగా అంత మంచు పడే ఊళ్లో నిమ్మ ఎట్లా బతికింది?"

వెతికితే తేలింది. యూరప్‌లో ఆ పేరుతో పిలిచేది లిండెన్ చెట్టుని. వందల ఏళ్లు బతుకుతుంది, ఆకు హృదయాకారంలో ఉంటుంది, వేసవిలో తేనె వాసన పూలు పూస్తుంది. మన నిమ్మకి దానికీ ఏ చుట్టరికమూ లేదు. లిండెన్ అనే ఉంచాను. నాలుగు వాక్యాలూ కొట్టేశాను. వాసన గురించిన ఒక్కటి మాత్రం తేనె కిందికి మార్చి దాచుకున్నాను.

కోట లోపలి గదుల కోసం ఒక ప్రయాణ గ్రంథం తిరగేస్తున్నాను. కెప్టెన్ బాసిల్ హాల్ అనే స్కాట్లాండ్ నావికుడు దిగువ స్టిరియాలో హైన్‌ఫెల్డ్ కోటలో ఒక చలికాలం గడిపి, 1836లో దాని గురించి పుస్తకం అచ్చు వేశాడు. లెఫాన్యూకి స్టిరియా కబుర్లు అక్కణ్ణుంచే అంది ఉంటాయని చాలామంది పరిశోధకుల ఊహ. కోటలో ఒంటరిగా ఉన్న ముసలి దొరసాని కూడా స్కాట్లాండ్ ఆడపడుచే. పరాయి దేశంలో, పెద్ద ఇంట్లో, మాట్లాడే మనిషి కోసం మొహం వాచిపోయిన ఆడమనిషి. లారా ఒంటరితనం కోసం నేను ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు.

పదో రోజు. 5,100 పదాలు

ఈ వారమంతా పేర్లతో పోయింది. కథ పెద్దగా ముందుకి జరగలేదు. అయినా ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన వారం ఇదే.

కార్మిల్లా ఎప్పుడు పేరు మార్చుకున్నా ఉన్న అక్షరాలనే అటూ ఇటూ మార్చుకోవాలి. అసలు పేరు మిర్కల్లా. లారా తండ్రి స్నేహితుడైన జనరల్ గారి ఇంట్లో చేరినప్పుడు మిల్లార్కా. లారా దగ్గర కార్మిల్లా. ఇంగ్లిష్‌లో ఎనిమిది అక్షరాలు చోట్లు మారతాయి, అంతే. తెలుగులో ఆ గుట్టు కంటికి కనపడదు. కార్మిల్లాలో రకారం మకారం నెత్తిన ఉంది, మిర్కల్లాలో కకారం నెత్తికి వచ్చింది. "కా, ర్మి, ల్లా" ముక్కల్ని ఎంత తిప్పినా "మి, ర్క, ల్లా" కావు. చదివేవాళ్లు పట్టుకునే వీలు లేకపోతే ఆ సీనే వృథా.

క్యాలెండర్ కాగితం చతురస్రాలుగా కత్తిరించి, అక్షరాలు రాసి, భోజనాల బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాను. మూడు రాత్రులు. అప్పుడు గుర్తొచ్చింది, తాతయ్య పెట్టెలో అట్ట ఊడిన పాత పుస్తకాల్లో "ధర్మము" అని ఉండాల్సిన చోట "ధమ౯ము" అని ఉండేది. చిన్నప్పుడు దాన్ని ధమ తొమ్మిది ము అని చదివి తన్నులు తిన్నాను. అది తొమ్మిది కాదు, వలపలగిలక. ముందు పలికే రకారాన్ని అక్షరం తర్వాత పక్కన నిలబెట్టే పాత పద్ధతి.

వలపలగిలకతో రాస్తే: కామి౯ల్లా. మిక౯ల్లా. మిల్లాకా౯.

ఇప్పుడు బల్ల మీద ముక్కలు నాలుగే. కా, మి, ల్లా, ఆ కొక్కెం. మూడు పేర్లకీ ఇవే. దీర్ఘం ఒకటి వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్క పెట్టరు. రాత్రి పదకొండున్నరకి బల్ల మీద గట్టిగా చరిస్తే ముక్కలన్నీ ఎగిరిపోయాయి.

కాబట్టి నా పుస్తకంలో కార్మిల్లా బొమ్మ ఉన్న పాత పటం మీద పేరు, సమాధి రాయి మీద పేరు పాత లిపిలో ఉంటాయి. స్టిరియాలో రాయి మీద తెలుగెందుకు ఉంటుందని అడిగేవాళ్లకి నా సమాధానం: లారా తెలుగు మాట్లాడటం ఒప్పుకున్నారు కదా, రాయికి ఏమైంది?

పదిహేడో రోజు. 11,300 పదాలు, అందులో పనికొచ్చేవి సున్నా

"తెలుగు 1" చెత్తబుట్టలోకి వెళ్లింది.

కారణం ఈ వాక్యం. "ఆమె ఆమె మెడ మీద పడిన ఆమె జుట్టుని పక్కకి తీసింది." ఎవరు ఎవరి జుట్టుని తీశారో రాసిన నాకే అర్థం కాలేదు. ప్రతిసారీ పేర్లు రాస్తే పోలీసు రిపోర్టులా ఉంది. ఒకరిని "ఆమె", ఇంకొకరిని "ఆవిడ" అంటే ఆవిడకి యాభై ఏళ్లొచ్చేశాయి. కథ మూడో మనిషి చెప్పినంత కాలం ఈ ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూనే ఉంటారు.

అక్కకి ఫోన్ చేసి గోల పెట్టాను. అక్క ఒంగోలులో ఉంటుంది, నేను రాసే ప్రతిదీ ముందు తనే చదువుతుంది... చూశారా, ఇక్కడ "తను" అనకూడదు. అక్కే చదువుతుంది. ఎందుకు అనకూడదో ఆ ఫోన్ పెట్టేశాక వెలిగింది.

మన ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పకుండా ఏమంటారు? మా ఆయన అంటారు, ఆయన అంటారు. ఈ తరంలో చాలామంది "తను" అంటారు. "తను ఇంకా ఆఫీసు నుంచి రాలేదు." "తనకి కాకరకాయ పడదు." ఎవరని ఎవరూ అడగరు. వినేవాళ్లకి తెలిసిపోతుంది. పైగా ఆ మాటకి మగా ఆడా లేదు.

లారా కథని లారాయే "నేను" అని చెప్పాలి. లెఫాన్యూ చేసిందీ అదే, నేను తెలివి ఎక్కువై మార్చాను. నా పద్ధతిలో మిగతా ఆడవాళ్లందరూ "ఆమె". కార్మిల్లా ఒక్కతే "తను". మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంతే. ఎందుకో లారా ఎక్కడా చెప్పదు. ఇంట్లో ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పనే ఇది, కాగితం మీద పెట్టాలని ఇన్నాళ్లూ తట్టలేదు.

ఇరవై రెండో రోజు. కొత్త లెక్క: 3,700

ఇవాళ రాత కన్నా వంట ఎక్కువ.

కార్మిల్లా మధ్యాహ్నం ఒంటిగంట దాకా గది దాటి రాదు. వచ్చాక ఒక కప్పు చాక్లెట్ తాగుతుంది, ఇంకేమీ తినదు. అసలు కథలో ఇది ఒక్క వాక్యం. నాకు ఆ కప్పు కావాలి. రోజూ ఒకరు తాగుతుంటే ఇంకొకరు ఎదురుగా కూర్చుని చూస్తారు. ప్రేమ అలాంటి చోట కాక ఇంకెక్కడ మొదలవుతుంది? కానీ నాకు తెలిసింది టీవీ ప్రకటనలోని చాక్లెట్ పాలు.

అప్పటి చాక్లెట్ గట్టిది. దిమ్మని తురిమి, వేడి నీళ్లలోనో పాలలోనో కరిగించి, చెక్క కవ్వం లాంటిదాన్ని అరచేతుల మధ్య తిప్పి నురగ తెచ్చేవాళ్లు. పంచదార లేని దిమ్మ వంద గ్రాములు కొన్నాను. తురిమేటప్పుడు సగం నా వేళ్లకే అంటుకుంది. మజ్జిగ కవ్వం పెద్దదైంది, పప్పుగుత్తితో నురగ రాలేదు. చివరికి అమ్మ ఇచ్చిన చిన్న కవ్వమే పనికొచ్చింది. అరచేతులు కాలేదాకా తిప్పితే పైన వేలు మందాన నురగ లేచింది.

రెండు కప్పుల్లో పోసి తనని ఎదురుగా కూర్చోబెట్టాను. "తాగొద్దు, పట్టుకో. తాగుతున్నట్టు నటించు." పదిహేను నిమిషాలు గడియారం పెట్టుకుని చూశాను. మూడో నిమిషానికి నురగ గుంట పడింది. ఏడో నిమిషానికి మీగడ తరకలాంటి పొర కట్టింది. పన్నెండుకి ఆ పొర ముడతలు పడి కప్పు అంచుని వదిలింది. తను కప్పు పెదాల దాకా తీసుకెళ్లి దించిన ప్రతిసారీ పొర కొద్దిగా కదిలింది కానీ చిరగలేదు.

అదే నాకు కావాల్సింది. లారాకి అనుమానం కోరపళ్లు చూసి రాదు. కప్పు చూసి వస్తుంది. తను గంటసేపు తాగిన చాక్లెట్ మీద పొర చిరగకుండా అలాగే ఉంది. లారా ఏమీ అనకుండా ఆ కప్పు తీసి, పనిమనిషి చూడకముందే కిటికీలోంచి పారబోస్తుంది. మర్నాడు కూడా. మూడో రోజు పారబోయడానికి లేచేసరికి తను తలెత్తి చూస్తుంది. ఇద్దరూ మాట్లాడరు. ఈ సీను ఆరు వందల పదాలు వచ్చింది, ఒక్కటీ తీయను.

"ఇప్పుడన్నా తాగొచ్చా?" అంది తను. చల్లారిపోయింది, చేదు. ఇద్దరం పంచదార వేసుకుని తాగేశాం.

ఇరవై ఆరో రోజు

ఇవాళ కొట్టివేతలు.

అసలు కథ మొదట్లో ఆరేళ్ల లారా మంచం దగ్గరికి ఒక అందమైన యువతి వస్తుంది, పక్కన పడుకుంటుంది, రొమ్ము మీద రెండు సూదులు దిగినట్టవుతుంది. పన్నెండేళ్ల తర్వాత కార్మిల్లా మొహం చూసి లారా గుర్తుపడుతుంది. భయం కథకి అది గొప్ప మొదలు. నేను రాసేది ప్రేమకథ, పసిపిల్ల మంచం దగ్గర దాన్ని మొదలుపెట్టను. మొత్తం తీసేశాను. అమ్మ లేని పిల్ల చీకట్లో ఏడవడం ఒక్కటి ఉంచాను, దానికీ కార్మిల్లాకీ సంబంధం లేదు.

రెండోది కష్టం. తిరగబడిన బండిలో ఒక నల్లజాతి స్త్రీ కూర్చుని ఉంటుంది, తలకి రంగు పాగా. అసలు కథలో ఆమెని వికారంగా, పళ్లు ఇకిలిస్తూ చూపించి వదిలేస్తారు. భయపెట్టడానికి ఒక నల్ల మొహం కావలసింది, వాడుకున్నారు, ఆ తర్వాత ఆమె ఊసే లేదు. తీసేద్దామా అనుకున్నాను. మన సినిమాల్లో దయ్యాలకి ఎంత బొగ్గు పూశామో గుర్తొచ్చి, తీసేస్తే తప్పించుకున్నట్టే అనిపించింది. ఉంచాను. నా కథలో ఆ బండిలో నవ్వనిదీ నటించనిదీ ఆమె ఒక్కతే. బండి కదిలేముందు లారా వైపు చూసి తల అడ్డంగా ఊపుతుంది, వద్దు అన్నట్టు. చివర్లో ఆమె మళ్లీ వస్తుంది. ఎక్కడో ఇంకా తెలీదు.

ముప్పై ఒకటో రోజు. 9,800

అసలు పుస్తకాన్ని పెన్సిల్‌తో రెండోసారి చదివాను. కథ మొత్తం తిరిగింది ఇవాళే.

మొదటి అధ్యాయంలో లారా అంటుంది, ఇదంతా జరిగి ఎనిమిదేళ్లయిందని. కాస్త ముందుకి పోతే పదేళ్లు దాటిందంటుంది, చేయి వణుకుతోందంటుంది. రచయిత పొరపాటే అయ్యుండొచ్చు, సీరియల్ రాసేవాళ్లకి మామూలే. ఇంకో చోట కార్మిల్లా అలవాట్ల గురించి చెబుతూ, మీలాంటి పట్నం ఆవిడకి ఇవి వింతగా తోచకపోవచ్చు అంటుంది. అంటే లారా ఇదంతా ఒక స్త్రీకి రాస్తోంది! మరి ముందుమాట చూస్తే ఈ కాగితాలు హెసీలియస్ అనే డాక్టరు గారి ఫైల్లో తేలాయి. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికి రాసుకున్నది కేసు కాగితం ఎలా అయింది? అదే ముందుమాటలో, ఆ కాగితాలు అచ్చు వేసిన సంపాదకుడు, లారాకి జాబు రాద్దామనుకుంటే ఈలోపే చనిపోయిందని తెలిసిందంటాడు. ఎవరు చెప్పారట?

అన్నిటికన్నా చివరి ఘట్టం. కార్మిల్లాని చంపేటప్పుడు లారా అక్కడ లేదు. తండ్రి దగ్గరున్న సర్కారీ రిపోర్టు చూసి ఎత్తి రాస్తున్నానని తనే ఒప్పుకుంటుంది. సీసపు పెట్టెలో రక్తం, ఏడు అంగుళాల లోతు. ఏడు అంగుళాలు! ఎవరు కొలిచారు, ఏ బద్ద పెట్టి? నాకు తెలిసి అంత కచ్చితంగా కొలతలు చెప్పేది అబద్ధం చెప్పేవాళ్లే. స్కూలు ఎగ్గొట్టి వచ్చి "బస్సు ఇరవై మూడు నిమిషాలు లేటు" అని చెప్పిన మనిషిని నేను.

నా కథ ఇది: లోకానికి తెలిసిన ఉత్తరం లారా రాసిన మొదటిది. డాక్టర్ల చేతుల్లో పడుతుందని తెలిసి రాసింది. అందుకే అందులో తండ్రి మాటలూ జనరల్ మాటలూ సర్కారు మాటలూ ఉన్నాయి, తేదీలు కలవవు. అదే పట్నం ఆవిడకి ఆమె రెండో ఉత్తరం రాసింది. నేను రాస్తున్నది ఆ రెండోది. ఫైలు పేరు మార్చాను: "కార్మిల్లా తెలుగు 3". రెండు ఏమైందని అడక్కండి.

చరిత్ర కూడా కలిసొచ్చింది. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా 1755లో, మొరావియా వైపు ఒక ఊళ్లో శవాన్ని తవ్వి కాల్చిన గొడవ విని, తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్‌తో విచారణ చేయించింది. ఇదంతా మూఢనమ్మకం అని ఆయన తేల్చాడు. ఆ తర్వాత ఇలాంటి సాకుతో ఊరివాళ్లూ చర్చివాళ్లూ సొంతంగా సమాధులు తవ్వి శవాలు కాల్చడానికి వీల్లేదని ఆజ్ఞ వచ్చింది. కథలో కార్మిల్లా చనిపోయి నూటయాభై ఏళ్లు. పటం మీద తేదీ 1698. అంటే ఇదంతా జరిగేది సుమారు 1850 ప్రాంతంలో, ఆ ఆజ్ఞ వచ్చి దాదాపు తొంభై ఐదేళ్ల తర్వాత. లెఫాన్యూ కథలో జనరల్ వచ్చిన మర్నాడే సమాధి తవ్వేస్తారు. నా కథలో పర్మిషన్ కాగితం స్టిరియా రాజధాని గ్రాట్స్ నుంచి రావాలి. సర్కారు కాగితం కదా, తొమ్మిది రోజులు పట్టింది. ప్రేమకథంతా ఆ తొమ్మిది రోజులే.

నలభయ్యో రోజు. 14,600

పటం సీను అయింది. నెల రోజులుగా దీనికి భయపడుతున్నాను.

అడుగున్నర ఎత్తు చిన్న పటం, నల్లగా మాసిపోయింది. గ్రాట్స్ నుంచి వచ్చిన కుర్రాడు శుభ్రం చేసి ఇస్తాడు. చూస్తే కార్మిల్లా మొహమే, గొంతు మీద పుట్టుమచ్చతో సహా. అసలు కథలో లారా మురిసిపోయి దాన్ని తన గదిలో తగిలించుకుంటుంది. అంతే, అనుమానం రాదు. కప్పులు పారబోసిన నా లారా అంత అమాయకురాలు కాదు.

ఇంకో చిక్కు మీరు-నువ్వు. కార్మిల్లా మొదటి రోజే నువ్వు అంటుంది, ఆమెది అలాంటి వంశం. లారా ఇన్నాళ్లూ మీరు అంటోంది. ఎక్కడ మారాలి? ముద్దు దగ్గర పెట్టి చూశాను, చప్పగా ఉంది. కుదిరింది ఇక్కడ:

*"బొమ్మ గొంతు మీద కూడా మచ్చ ఉందండీ," అన్నాను.*

*"మా వంశంలో ఉంటుంది." తను కిటికీ వైపు తిరిగింది.*

*"దీపం దగ్గరికి రండి."*

*వచ్చింది. మచ్చ మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. వేలి కింద ఏమీ కొట్టుకోవడం లేదు.*

*"1698," అన్నాను. "నీకు ఎన్నేళ్లే?"*

*తను నవ్వలేదు. నా చేయి తీసేయలేదు. "లెక్క పెట్టడం మానేశాను," అంది. "మళ్లీ అను."*

*"ఏమని?"*

*"ఆ చివర్ది."*

నువ్వుతో ఆగుదామనుకున్నాను. చివరన "ఏ" దానంతటదే వచ్చేసింది. ఆ ఒక్క అచ్చుని వేరే భాషలోకి ఎవరైనా మారిస్తే చూడాలని ఉంది.

అక్కకి పంపాను. లారా తల్లి కూడా కార్మిల్లా పుట్టిన కార్న్‌స్టైన్ వంశమే అని అదే సీన్లో వస్తుంది కదా, అక్క మొదటి ప్రశ్న: "అయితే వరస ఏమవుతుంది?" ఆరేడు తరాల దూరం అక్కా, అదీ తల్లి వైపు. మేనరికాలు చేసుకున్న ఇంట్లో పుట్టి మనం అడగాల్సిన ప్రశ్న కాదిది.

నలభై ఎనిమిదో రోజు. 18,200

చచ్చిపోయినవాళ్ల సంగతి.

వాయిదా వేస్తూ వచ్చాను. ప్రేమకథ అనేసరికి కార్మిల్లాని మంచిదాన్ని చేసేయాలని చేయి లాగుతుంది. జంతువుల రక్తం తాగుతుందనో, చంపింది ఇంకెవరో అనో రాసేస్తే సుఖం. కానీ ఊళ్లో పందుల కాపరి భార్య పోయింది, అడవి కాపలాదారు కూతురు పోయింది. ఇద్దరూ చిన్నవాళ్లు, ఇద్దరూ పేదవాళ్లు. లారాని ముద్దు చేస్తుంది, వాళ్లని తినేస్తుంది. ఆ శవయాత్ర ఎదురైనప్పుడు, పల్లెజనం సంగతి నాకెందుకు అన్నట్టు మాట్లాడుతుంది కూడా. దీన్ని దాచేస్తే నేను రాసేది దొరసానుల మధ్య ప్రేమ మాత్రమే అవుతుంది.

అసలు కథలో ఆ శవయాత్రలో జనం పాడే కీర్తనకి కార్మిల్లా చెవులు మూసుకుంటుంది, వణికిపోతుంది, మండిపడుతుంది. లారా కూడా పాడబోతే ఆపుతుంది. నేను ఆ సీనుని రెండుసార్లు వాడాను. మొదటిసారి అచ్చం అలాగే. రెండోసారి తొమ్మిది రోజుల్లో ఐదో రోజున, సాయంత్రం, శ్మశానంలో ఇద్దరే. లారా షరతు పెడుతుంది: ఆ అమ్మాయి పేరు కనుక్కుని చెప్పు, సమాధి దగ్గర నిలబడి నేను పాడినంతసేపూ విను. చెవులు మూసుకోవద్దు. అప్పుడు నీతో వస్తానో లేదో చెప్తాను.

తను వింటుంది. నాలుగు చరణాలు. రెండో చరణానికి ముక్కులోంచి సన్నగా నల్లటిది కారుతుంది, తుడుచుకోదు. పాట అయ్యాక పేరు చెబుతుంది. లారా ఏమీ అనదు. క్షమించానని కూడా అనదు, ఆ హక్కు ఆమెది కాదు కాబట్టి. ఆ రాత్రి లారా తలుపు గడియ వేసుకుని పడుకుంటుంది. ఆరో రోజు రాత్రి వేసుకోదు.

ఇది రాశాక రెండు రోజులు ఫైలు తెరవలేదు. తల నొప్పి అని చెప్పాను గానీ అది కాదు.

యాభై ఐదో రోజు. 21,400

"రక్తపిశాచి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో వెతికాను. ముప్పై నాలుగు. ఆ మాట చూడగానే మన కళ్లకి పాత సినిమా పోస్టరు కనపడుతుంది. ఇక నుంచి తండ్రీ జనరలూ మాత్రమే అంటారు. లారా ఒక్కసారి కూడా అనదు.

ఊరివాళ్లు ఏమనాలి? తాయెత్తులు అమ్ముకునే గూని మనిషి అసలు కథలో వాడే మాట ఆ వైపు జనం మాటే. తెలుగులో రాస్తే "ఊపిర్". రాసి చూసి కుర్చీలోంచి లేచాను. ఊపిర్‌కి తాయెత్తు. ఊపిరికి తాయెత్తు. ఒక్క ఇకారం తేడా. నూటయాభై ఏళ్లుగా ఊపిరి లేనిదాన్ని ఊళ్లో అంతా ఊపిర్ అంటున్నారు, లారాకి మాత్రం అది మామూలు తెలుగు మాటలాగే వినపడుతుంది. సంబరపడి ఆరు చోట్ల వాడాను. తను చదివి ఐదు కొట్టేసింది. "ఒకటి చాలు. జోకు రెండోసారి చెప్పొద్దు." నిజమే.

మిగిలిన పని: సమాధి తవ్వే అధ్యాయం, ముగింపు. పెట్టెలో ఏముందో ఇక్కడ రాయను. ఏడు అంగుళాల కొలత ఎవరు రాయించారో, బండిలోని ఆమె ఎక్కడ తిరిగొచ్చిందో కూడా రాయను. చివరి వాక్యం మాత్రం అసలు కథదే ఉంచుతున్నాను కొద్ది తేడాతో. అక్కడ లారా ఎన్నో ఏళ్ల తర్వాత కూడా కార్మిల్లా అడుగుల చప్పుడు గది తలుపు దగ్గర విన్నట్టు ఉలిక్కిపడుతుంది. నా లారా ఉలిక్కిపడదు. ఉత్తరం మడుస్తూ "తలుపు తీసే ఉంది" అంటుంది.

యాభై ఏడో రోజు

ముగింపు తప్ప మొత్తం అక్కకి పంపాను. రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో మెసేజ్‌లు వరసగా వచ్చాయి. చాక్లెట్ బాగుంది. శ్మశానం దగ్గర ఏడ్చాను. జనరల్ ఎక్కువ మాట్లాడుతున్నాడు, తగ్గించు. గ్రాట్స్ కాగితం మన ఆఫీసుల్లాగే ఉంది. పన్నెండో పేజీలో "వెన్నల" అని పడింది.

కాసేపాగి ఇంకోటి వచ్చింది. "లారా ఎప్పుడూ తను తను అంటుందేంటే? పేరు పెట్టి పిలవదా? నువ్వు ఫోన్లో మీ రూమ్మేట్ గురించి చెప్పేటప్పుడు అన్నట్టే ఉంది."

పక్క టేబుల్ దగ్గర తను లెక్కలు చూసుకుంటోంది. ఫోను చూపించాను. చదివి, భుజాలెగరేసి, "నీ కథ, నీ అక్క," అంది.

పది నిమిషాలు పట్టింది టైప్ చేయడానికి. పెద్దగా ఏమీ రాయలేదు. "ఆదివారం భోజనానికి రా అక్కా. తనే వండుతుంది."

జవాబు తెల్లారి వచ్చింది, పాలు పొయ్యి మీద ఉండగా.

"పులుసు తను చేస్తేనే వస్తా. నువ్వు చేస్తే రాను. తనకి వంకాయలు తెమ్మంటుందేమో అడిగి చెప్పు, ఇక్కడ లేతవి దొరుకుతున్నాయి."